గోల్‌కీపర్‌కి ఇంకో బొబ్బట్టు

అన్నం పెట్టినందుకు ఒక మనిషి మీద విచారణ జరగడం మీరెక్కడైనా విన్నారా? నేను వినలేదు, అనుభవించాను. విషం కలిపినందుకు కాదు, పాచిపోయింది పెట్టినందుకూ కాదు. బాగా పెట్టినందుకు! రెండోసారి వడ్డించినందుకు! ఒక కాలేజీ పరువూ, ఒక కుర్రాడి ఆశా కలిసి ఒక్క మధ్యాహ్న భోజనంలో ఎలా మునిగిపోయాయో చెబుతాను. విన్నాక న్యాయం మీరే చెప్పండి. న్యాయం నా వైపే ఉందని ముందే చెప్పేస్తున్నాను, మీకు ఆలోచించే శ్రమ లేకుండా.

నా పేరు సత్తిబాబు. మాది రాజోలు పక్క. దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో ఒక చిన్న కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. చిన్న అంటే నిజంగానే చిన్న. కింద టైర్ల షాపు, పైన మేము. మా క్లాసుల్లో ఏ పాఠం జరుగుతున్నా వెనకనుంచి టైరుకి గాలి కొట్టే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అలాంటి కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. ఆ జట్టుకి నన్ను ఇన్‌చార్జిని చేశారు. ఉద్యోగానికి వచ్చిన రోజున స్కూల్లో వాలీబాల్ ఆడేవాడినని గొప్పగా చెప్పుకున్నాను. నిజానికి నేను ఆడింది తక్కువ, కాలవలో పడ్డ బంతి తెచ్చిందే ఎక్కువ. ఆ మాట మా ప్రిన్సిపాల్ మేడం గుర్తు పెట్టుకున్నారు.

మా జట్టుకి ఒకటే కష్టం. ఆడటానికి ఎదుటి జట్టు లేదు. ఇక్కడి చిన్న చిన్న కాలేజీలన్నీ కలిసి ఒక క్రీడా సమాఖ్య పెట్టుకున్నాయి. అందులో సభ్యత్వం ఉన్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటారు. లేనివాళ్ళు పార్కింగ్‌లో కార్ల మధ్య ఆడుకోవాలి. మేము పార్కింగ్ వాళ్ళం.

జట్టు కెప్టెన్ ఫైజల్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. వాళ్ళ నాన్నది పెషావర్, వీడు పుట్టింది అజ్మాన్‌లోనే. వాడు హిందీలో అనేవాటిని నా తెలుగులో చెబుతున్నాను.

"అంకుల్, ఇన్నేళ్ళూ నేను గోల్స్ కొట్టిందంతా మా రూమ్మేట్ మీదే. వాడు ఎటు దూకుతాడో నిద్రలో లేపి అడిగినా చెబుతా. బయటివాళ్ళ మీద ఒక్క గోల్ కూడా కొట్టకుండానే నా చదువు అయిపోతుందా?"

ఆ మాట నాకు తగిలింది. అందుకే సమాఖ్య చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి ఒక పరీక్ష దాకా లాక్కొచ్చాను. కరోనా మాస్కులు తీసేసిన మరుసటి చలికాలం అది. ఫుజైరా నుంచి ఒక కాలేజీ జట్టు వచ్చి మాతో ఆడుతుంది. సమాఖ్య తరఫున ఒక పరిశీలకుడు వచ్చి కూర్చుని చూస్తాడు. అంతా సవ్యంగా జరిగితే సభ్యత్వం. లేకపోతే మళ్ళీ పార్కింగ్.

మేడం నన్ను పిలిచారు. కేరళావిడ, మాట తక్కువ. "సత్తిబాబూ, గ్రౌండు, రెఫరీ, మంచినీళ్ళు, ఫస్ట్ ఎయిడ్, ఇవి చూసుకో. వాళ్ళు కొండలు దాటి అంత దూరం నుంచి వస్తున్నారు. ఏ ఇబ్బందీ పడకూడదు. సంతోషంగా తిరిగి వెళ్ళాలి."

గోదావరి జిల్లా మనిషితో అనవలసిన మాటేనా అది? కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త ఇన్‌చార్జి అసలు గడియారమే ఎరగడు. ఆ సాయంత్రమే షార్జాకి పరిగెత్తాను.

షార్జాలో మా ఊరి దానమ్మక్క ఉంది. ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంటి మేడం అక్కని రంజాన్‌లో సొంత చెల్లెలికి కూడా అప్పివ్వదు. అలాంటిది నా కోసం అక్క ఒక శనివారం సెలవు అడిగి తీసుకుంది.

"ఎంతమందిరా తమ్ముడూ?"

"జట్టంతానక్కా. ఫుజైరా నించి వత్తన్నారు."

"అయ్యో, అంతదూరం నించి వచ్చిన కుర్రోళ్ళకి మంచినీళ్ళు పోసి పంపుతారా ఎవరైనా? కోళ్ళు తెప్పించు. మిగతాది నాకొగ్గెయ్."

"ఆటకి ముందు తేలిగ్గా ఉండాలంటారక్కా."

"తేలిగ్గానే చేత్తాను. కోడి పలావు, రొయ్యల ఇగురు, గుత్తొంకాయ, ముద్దపప్పు, ఆవకాయ, గెడ్డ పెరుగు. తీపికి బొబ్బట్లు. ఇందులో బరువేవుందిరా?"

నిజమే కదా, బరువేముంది? నేనూ ఒప్పుకున్నాను.

అనుమానపడ్డ మనిషి ఒకడే, మా బస్సు డ్రైవర్ లింగన్న. జగిత్యాల పక్క పల్లె అతనిది. శనివారం పొద్దున బస్సులోకి గిన్నెలు ఎక్కిస్తుంటే వాసన చూసి అడిగాడు.

"సారూ, గిదంత ఆటకు ముందుగాలనా, ఎన్కనా?"

"ముందే. వచ్చినవాళ్ళని ఆకలితో ఆడిస్తామా?"

"ముందుగాల ఆడనియ్యున్రి సారూ. గెల్సినోళ్ళు, ఓడినోళ్ళు కల్సి కూసోని తింటరు. కడుపు నిండినంక ఎవ్వడు ఉరుకుతడు?"

"లింగన్నా, మీ వైపు మర్యాదలు వేరు, మా వైపు మర్యాదలు వేరు."

"సరే మరి. నాకో ముద్ద పక్కకు వెట్టున్రి," అన్నాడు. అతని అనుమానం అంతటితో సరి.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా వైపు 'వద్దు' అనడానికి ఒక పద్ధతి ఉంది. మొదటి వద్దు మొహమాటం. రెండో వద్దు పెంపకం. మూడోసారి విస్తరి మీదికి అడ్డంగా వంగి రెండు చేతులూ పెట్టి వద్దంటే, అప్పుడు వేళ్ళ సందుల్లోంచి సగం గరిటె వెయ్యాలి. మొదటి వద్దుకే ఆగిపోయినవాడి ఇంట మా వాళ్ళు మళ్ళీ గడప తొక్కరు. ఇది మా అమ్మ నేర్పిన విద్య. ఫుజైరాలో ఎవరి అమ్మ ఏం నేర్పిందో నాకెలా తెలుస్తుంది?

మధ్యాహ్నానికి జట్టు దిగింది. వాళ్ళ కోచ్ నబీల్ పొడుగ్గా, ఈతబెత్తంలా ఉన్నాడు. ట్యునీషియా మనిషి. మైదానం పక్కన వేసిన షామియానా, బల్లల మీద గిన్నెలు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నో, నో, మై ఫ్రెండ్. మ్యాచ్ హై. బనానా ఖాయా, ఖలాస్."

ఎంత మొహమాటస్థుడో అనుకున్నాను. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. ఒక గరిటె పలావు వేశాను. "ఖలాస్!" అన్నాడు. ఇంకో గరిటె వేశాను. "సదీఖ్, ఖలాస్!" అని, చాలు మిత్రమా అన్నట్టు ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతిని మెల్లిగా పక్కకి తీసి రొయ్యలు వేశాను. ఆయన నా మొహంలోకి చూశాడు. కృతజ్ఞత అనుకున్నాను.

పరిశీలకుడు గారు మాత్రం పెద్ద మనసున్న మనిషి. ఒక్కసారి కూడా వద్దనలేదు. ఆవకాయలో నెయ్యి వేసుకోవచ్చా అని ఆయనే అడిగాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కుర్రాళ్ళు మొదట్లో కోచ్ మొహం వైపు చూస్తూ చిలకల్లా కొరికారు. రొయ్య నోట్లో పడ్డాక కోచ్ వైపు చూడటం మానేశారు. వాళ్ళ గోల్‌కీపర్ అయితే ఆజానుబాహుడు. దానమ్మక్క వేడి వేడి బొబ్బట్టు మీద నెయ్యి పోసి వాడి ప్లేటులో వేసింది. కొరికాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రెండోది ఉంది. నోటితో వద్దన్నాడు గానీ ప్లేటు వెనక్కి తియ్యలేదు. మీరే చెప్పండి, నోటిని నమ్మాలా, ప్లేటుని నమ్మాలా?

"తిను నాయినా, ఎంత బక్కచిక్కిపోయావో," అంది అక్క, ఏ గుమ్మంలోనైనా పక్కకి తిరిగితే గాని పట్టని ఆ మనిషిని చూసి.

మా జట్టుని వడ్డనకి పెట్టాను. ఫైజల్ చేతిలో రొయ్యల గిన్నె.

"అంకుల్, మేమెప్పుడు తింటాం?"

"ఇంటివాళ్ళు ముందు తింటారా? ఆట అయ్యాక తిందురు గాని. అదిగో, ఆ మూల కుర్రాడి ప్లేటు ఖాళీగా ఉంది, యల్లా, పద!"

ఇప్పుడు లోకం నాలో ఏ దుర్బుద్ధి చూసిందో మీకు అర్థమవుతోందా? నాకు మాత్రం ఆ క్షణంలో పెళ్ళివారిని ఒప్పించిన మేనమామకుండే తృప్తి తప్ప ఇంకేమీ లేదు.

రెఫరీ ఈల వేశాడు. మావాళ్ళు పరిగెత్తారు. వాళ్ళు ఆలోచించారు.

ఒక కుర్రాడు బూటు లేసు కట్టుకోవడానికని కూర్చున్నాడు, ఆ సగం ఆట అయ్యేదాకా కట్టుకుంటూనే ఉన్నాడు. ఇంకొకడు బంతి వైపు బయల్దేరి, సగం దారిలో మనసు మార్చుకున్నాడు. కోచ్ గీత పక్కన నిలబడి అరబ్బీలో ఏదో అరవబోయాడు. అరుపు సగంలోనే త్రేన్పుగా మారింది. ఫైజల్ బంతితో దూసుకుపోయి కొట్టాడు. గోల్‌కీపర్ స్తంభానికి ఆనుకుని, మనది కాని బస్సు వెళ్ళిపోతుంటే చూసినట్టు, ఆ బంతి వలలోకి వెళ్ళడం చూశాడు.

నేను గెంతాను. మేడం చప్పట్లు కొట్టారు. పరిశీలకుడు గారు చేతులు పొట్ట మీద పెట్టుకుని, కుర్చీలో తల వెనక్కి వాల్చి, సన్నగా గురక పెడుతున్నారు. ఆట అంత సాఫీగా సాగుతోందన్నమాట!

విరామంలో దానమ్మక్క నా దగ్గరికి వచ్చింది. "తమ్ముడూ, ఆ పెద్ద కుర్రోడికి ఎండ తగిలిందేమోరా, సొమ్మసిల్లిపోతన్నాడు. మజ్జిగివ్వనా?"

"ఇవ్వక్కా, పాపం. అందరికీ ఇయ్యి. బొబ్బట్లు మిగిలితే అవీ తే."

చూశారా నా మంచితనం! ఓడిపోతున్న శత్రువుకి రెండో విడత వడ్డన! ఏ చరిత్రలో ఉంది? రెండో సగంలో వాళ్ళు నడవడం కూడా మానేశారు. మా గోల్‌కీపర్, అదే ఫైజల్ రూమ్మేట్, విసుగు పుట్టి వాళ్ళ వైపు గోల్ దాకా నడిచివెళ్ళి తనూ ఒక గోల్ కొట్టి వచ్చాడు.

ఆట అయిపోయాక నేను చేతులు చాచి ఫైజల్ దగ్గరికి పరిగెత్తాను. వాడు నా చేతుల్లోకి రాలేదు. గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు.

"ఏరా, మొదటి గోల్ కొట్టావు, నవ్వవేం?"

"అది గోలా అంకుల్?"

"వలలో పడిందిగా!"

"నేను కొట్టబోతుంటే కీపర్ ఏమన్నాడో తెలుసా? 'భాయ్, తొందరగా కొట్టేసెయ్, నేను కదల్లేను' అన్నాడు. ఇన్నేళ్ళు ఆగి కొట్టిన మొదటి గోల్ అంకుల్. ఎవరికైనా చెప్పుకోగలనా? మా రూమ్మేట్ అయినా దూకేవాడు కదా."

కోప్పడి ఉంటే ఓర్చుకునేవాడిని. వాడు నెమ్మదిగా అన్నాడు. వాడి పక్కనే గడ్డి మీద కూలబడ్డాను. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు కాబట్టి అది బొబ్బట్ల బరువు కాదు. వాడికి నేను చేసిన అన్యాయం ఒక్కటే ఈ కథలో నిజమైన నేరం. దాని మీద మాత్రం ఏ విచారణా జరగలేదు.

జరిగిన విచారణ వేరు. నబీల్ ఫిర్యాదు పెట్టాడు. అతిథి జట్టుని భోజనంతో ఉద్దేశపూర్వకంగా పడగొట్టామట! భోజనంతో! సమాఖ్య వాళ్ళు మేడాన్నీ నన్నూ షార్జాలో ఒక ఏసీ గదికి పిలిచారు. బల్లకి అటువైపు ముగ్గురు పెద్దమనుషులు. ఒకరు మన నెయ్యి ఆవకాయ పరిశీలకుడు.

"వాళ్ళు వద్దన్నారా, లేదా?" అని అడిగారు.

"అన్నారండీ."

"మరి ఎందుకు పెట్టారు?"

"వద్దన్నారు కాబట్టేనండీ."

 మేడం కళ్ళు మూసుకున్నారు.

"మీ జట్టుకి ఆటకి ముందు భోజనం పెట్టారా?"

"లేదండీ."

"ఎందుకని?"

"మావాళ్ళు ఇంటివాళ్ళండీ. వచ్చినవాళ్ళకి పెట్టకుండా..."

"విరామంలో మళ్ళీ పెట్టారా?"

"సొమ్మసిల్లారండీ పాపం. మజ్జిగ ఇచ్చాం. బొబ్బట్లు కూడా."

అన్నీ నిజాలే చెప్పాను. ఒక్కొక్క నిజం చెబుతుంటే నా మెడకి ఉరితాడు ఒక్కొక్క చుట్టు బిగుస్తోంది. ఆఖరికి పరిశీలకుడు గారు గొంతు సవరించుకున్నారు. "నన్ను కూడా బలవంతం చేశారు. అందువల్లే ఆటని పూర్తి శ్రద్ధతో చూడలేకపోయాను," అన్నారు.

బలవంతం! నెయ్యి ఎవరడిగారు స్వామీ? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి మా తాత చెప్పేవాడు. తిన్నింటి బొబ్బట్లు లెక్కపెట్టి ఫిర్యాదులో రాసేవాళ్ళని మా తాత కూడా చూసి ఉండడు. లేచి నాలుగు మాటలు అందామనుకున్నాను. మేడం నా కాలు తొక్కారు.

చివరికి తీర్పు ఇచ్చారు. ఆ ఆట చెల్లదు. అదే జట్టుతో మళ్ళీ ఆడాలి. ఈసారి ఏ చిన్న గొడవ జరిగినా మా దరఖాస్తు శాశ్వతంగా పక్కన పెట్టేస్తారు. బయటికి రాగానే మేడం లిఫ్ట్ ముందు నన్ను నిలబెట్టారు.

"చివరి ఈల వేసేదాకా గిన్నె మూత తియ్యకూడదు. ఆ తర్వాత కూడా ఎవరైనా వద్దంటే, వద్దు. ఒక్కసారి అడుగు. అంతే. ఒట్టు వెయ్యి."

"మేడం, ఒక్కసారే అడగడమంటే మా వైపు తిట్టినట్టు..."

"సత్తిబాబూ!"

గోదారమ్మ మీద ఒట్టేశాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ దేశంలో అడగకుండా పెడితే అమ్మ మీద కూడా కేసయ్యేలా ఉంది.

రెండో ఆట వచ్చింది. ఫుజైరా కుర్రాళ్ళు ఈసారి లేళ్ళలా గెంతారు. మొదటి సగంలోనే మాకు ఊపిరాడలేదు. ఓడిపోయాం, బాగానే ఓడిపోయాం. కానీ ఆట చివర్లో ఫైజల్‌కి బంతి దొరికింది. ఇద్దరిని తప్పించుకుని కొట్టాడు. ఆ గోల్‌కీపర్ ఉన్నాడే, ఆ బొబ్బట్ల భీముడు, గాల్లో అడ్డంగా ఎగిరాడు. అంత శరీరం అంత ఎత్తు ఎగరగలదని నేను కలలో కూడా అనుకోలేదు. బంతి వాడి వేళ్ళకి రాసుకుని మరీ వలలో పడింది.

ఫైజల్ మైదానమంతా పరిగెత్తి నా దగ్గరికి వచ్చి ఆగాడు. రొప్పుతున్నాడు. "అంకుల్, ఇదీ గోల్!" అని నన్ను గట్టిగా పట్టుకున్నాడు. నేను ఏడ్చాను. కాదని చెప్పను, లింగన్న చూశాడు.

చివరి ఈల వేశారు. అక్క గిన్నెలు దించింది. అదే పలావు, అవే రొయ్యలు, అవే బొబ్బట్లు. పరిశీలకుడు గారు ఈసారి మెలకువగానే ఉన్నారు. నేను చేతులు కట్టుకుని నబీల్ దగ్గరికి వెళ్ళాను.

"భోంచేస్తారా సార్?"

ఆయన గిన్నెల వైపు చూశాడు. గుటక వేశాడు. చక్కగా నవ్వి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నో, నో, మై ఫ్రెండ్," అన్నాడు.

నాలుక చివరిదాకా వచ్చింది రెండో పిలుపు. మేడం చూస్తున్నారు. మింగేశాను.

"సరేనండీ," అని మూత పెట్టాను.

పరిశీలకుడు గారిని అడిగాను, ఆయనా వద్దన్నారు. కుర్రాళ్ళని అడిగాను. ఒక్కొక్కడూ గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. గోల్‌కీపర్ అయితే తల వంచి మరీ వద్దన్నాడు. సరే, సరే అనుకుంటూ అన్ని మూతలూ పెట్టేశాను. వాళ్ళు కదల్లేదు. గిన్నెల ఎదురుగా వరసగా నిలబడి నా వైపే చూస్తున్నారు. సెలవు తీసుకోవడానికి ఎంత మర్యాదగా నిలబడ్డారో అని ముచ్చటపడి అందరికీ చేతులు ఊపాను. చాలాసేపటికి, కాళ్ళీడ్చుకుంటూ బస్సెక్కారు.

"ఒరే, ఇంకోపాలి అడగలేదేంరా?" అంది దానమ్మక్క. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.

"ఒట్టేశానక్కా."

మరుసటి వారం మేడం పిలిచారు. "సభ్యత్వం ఇచ్చారు," అన్నారు. ఫైజల్ ఇక ఆ సీజన్ అంతా ఆడొచ్చు. నేను కుర్చీలోంచి ఎగిరాను. "కూర్చో. సభ్యత్వం ఖాయమయ్యాక నబీల్ మళ్ళీ ఫిర్యాదు చేశాడు."

"మళ్ళీనా? ఈసారి ఏం పెట్టాను మేడం!"

"ఏమీ పెట్టలేదని."

విషయం ఏమిటంటే, మొదటి ఆట రోజున ఆయన కడుపు పట్టుకుని బస్సు పక్కన కూలబడి, మీవాళ్ళు ఎందుకిలా చేస్తారని లింగన్నని అడిగాడట. లింగన్న తన డ్రైవర్ల హిందీలో ఓపిగ్గా బోధించాడట. నేను వెళ్ళి నిలదీస్తే అదే మాట నాకూ చెప్పాడు.

"ఆయన అడిగిండు, నేను చెప్పిన సారూ. వీళ్ళ తాన వద్దంటె ఇంకింత వెయ్యుమన్నట్టు, మూడుసార్లు వద్దనకపోతె మర్యాద కాదని. తప్పేమున్నది?"

తప్పేమీ లేదు! నబీల్ కొండలు దిగి వెళ్ళి, జట్టునంతా కూర్చోబెట్టి మా మర్యాద నేర్పాడట. రెండో ఆట రోజున ఎవరూ అరటిపండు కూడా ముట్టుకోకుండా, దానమ్మక్క వంట కోసం కడుపులు ఖాళీగా ఉంచుకుని వచ్చారట. అందంగా మొదటి వద్దు అనేసి, నా రెండో పిలుపు కోసం నిలబడ్డారట. అక్కడినుంచి ఫుజైరా దాకా ఆకలితోనే వెళ్ళారట. ఈ కాలేజీలో అతిథి మర్యాద బాగా దిగజారిపోయిందని ఆయన పరిశీలకుడితో వాపోతే, 'నన్ను కూడా ఒక్కసారే అడిగారు' అని ఆ మహానుభావుడు వంత పాడాడట.

పెడితే ఫిర్యాదు, పెట్టకపోతే ఫిర్యాదు! చెప్పండి, నేనేం చెయ్యాలి? నా పొరపాటు ఏది? మొదటి రోజుదని మీరంటారు. నేను ఒప్పుకోను. అందుకే ఇప్పుడు, నా ఒట్టుని గోదారమ్మకే వెనక్కి ఇచ్చేసి, దానమ్మక్క గరిటె కుడిచేత పట్టుకుని గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. చివరి ఈల వేసిన తర్వాత, ఒక మనిషి వద్దన్నాడని మొదటి మాటకే నమ్మి గిన్నె మీద మూత పెట్టే పాపం ఈ జన్మలో మళ్ళీ చెయ్యను.